లూసీ ఇంటికి తిరిగొచ్చాక

1901 అక్టోబరులో ఎడ్వర్డ్ మోర్గన్ ఫోర్‌స్టర్ తల్లితో కలిసి ఇంగ్లండ్ నుంచి ఇటలీ బయల్దేరాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడు. కేంబ్రిడ్జిలో చదువు అప్పుడే అయిపోయింది. ఉద్యోగం లేదు, ఫలానాది చేసితీరాలన్న పట్టుదలా లేదు. తండ్రి ఇతనికి రెండేళ్లు నిండకముందే క్షయతో పోయాడు. నాయనమ్మకు అక్క అయిన మేరియన్ థార్న్‌టన్ పోతూ పోతూ ఈ పిల్లవాడి పేర 8,000 పౌండ్లు రాసిపెట్టింది. కేంబ్రిడ్జి చదువు ఆ డబ్బుతోనే గడిచింది, ఈ ప్రయాణమూ దాని పుణ్యమే. దాదాపు ఏడాదిపాటు తల్లీకొడుకులు ఊరూరా తిరిగారు.

ఒక అమ్మాయి పరాయి దేశం వెళ్తుంది. అక్కడ ఒక అబ్బాయి తారసపడతాడు. ఇంటి దగ్గర ఉన్నన్నాళ్లూ తెలియని తన మనసు అక్కడ తనకే తెలిసొస్తుంది. ఈ కథ ఇవాళ ఎన్ని నవలల్లో, ఎన్ని సినిమాల్లో నలుగుతోందో లెక్క చెప్పలేం. దాన్ని మొదట్లోనే చక్కగా కుదిర్చిన పుస్తకం ఫోర్‌స్టర్ రాసిన ‘ఎ రూమ్ విత్ ఎ వ్యూ’. అచ్చయింది 1908లో. మొదలుపెట్టింది మాత్రం ఈ ఇటలీ ప్రయాణంలోనే. తేలికగా, నవ్వుతూ చదివించే ఒక చిన్న ప్రేమకథకు దాదాపు ఏడేళ్లు! మధ్యలో రెండు వేరే నవలలు రాసి అచ్చువేయించాడు కూడా. ఇటలీ భాగం అతనికి తొందరగానే చేజిక్కింది. ఇంటికి తిరిగొచ్చిన అమ్మాయిని ఏం చేయాలన్నదే ఎంతకూ తేలలేదు. నా లెక్కలో ఈ నవల పుట్టుక కథంతా ఆ చిక్కు చుట్టూనే ఉంది.

అసలు ఇలాంటి కథ రావాలంటే ముందు మామూలు అమ్మాయిలు విదేశాలకు వెళ్లగలగాలి. అంతకుముందు యూరప్ చుట్టిరావడం జమీందారుల కొడుకులకే చెల్లేది. వెంట ఒక పంతులు, ఇద్దరు నౌకర్లు. రైలు వచ్చాక సంగతి మారింది. 1841 జులై 5న లెస్టర్ నుంచి లఫ్‌బరోకు మద్యనిషేధ సభకు వెళ్లేవాళ్లను రైల్లో తీసుకెళ్లిన థామస్ కుక్, 1864 నాటికి ఇంగ్లిష్ మధ్యతరగతిని ఇటలీదాకా తిప్పడం మొదలుపెట్టాడు. కోబ్లెంజ్ పట్టణానికి చెందిన బెడేకర్ కంపెనీవాళ్లు 1861 నుంచి తమ ఎర్ర అట్ట గైడ్లను ఇంగ్లిష్‌లోనూ వేశారు. ఏ హోటల్లో దిగాలి, ఎంత ఇవ్వాలి, ఏ చర్చిలో ఏ బొమ్మ ముందు నిలబడాలి, అన్నీ అందులో ఉండేవి. అది చేతిలో ఉంటే మగవాడి సాయం లేకుండానే ఇద్దరు ఆడవాళ్లు ఫ్లోరెన్స్ వీధుల్లో తిరగవచ్చు. ఇద్దరు అన్నది ముఖ్యం. పెళ్లికాని అమ్మాయి ఒంటరిగా కదలకూడదు, వెంట పెద్దదిక్కుగా ఒక ఆడమనిషి ఉండాల్సిందే.

ఫ్లోరెన్స్‌లో తల్లీకొడుకులు దిగిన చోటు పెన్సియోనె సీమీ. ఆర్నో నది ఒడ్డున, లుంగార్నో డెల్లె గ్రాట్సియె వీధిలో ఉండేది. పెన్సియోనె అంటే తిండితో సహా గది అద్దెకిచ్చే ఇల్లు. బస చేసినవాళ్లందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని తినాలి. ఇక్కడే ఫోర్‌స్టర్‌కు ముడిసరుకంతా దొరికింది. ఇటలీ చూడ్డానికి వచ్చిన ఇంగ్లిష్‌వాళ్లు పొద్దస్తమానం మరికొందరు ఇంగ్లిష్‌వాళ్ల మధ్యే ఉండటం, ఎవరు ఎలాంటి కుటుంబం నుంచి వచ్చారో పలకరింపులోనే తూకం వేసుకోవడం, ఇటలీవాళ్లలో బండివాడితోనూ వడ్డించేవాడితోనూ తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకపోవడం... ఇదంతా కుర్రాడు గమనించాడు. తాను కూడా ఆ గుంపులోవాడినేనన్న ఎరుక అతనికి ఉంది కాబట్టే ఆ ఎగతాళిలో విషం లేదు.

రోమ్ చేరాక మొదట చీలమండ బెణికింది. తర్వాత సెయింట్ పీటర్స్ మెట్ల మీద పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎదిగిన కొడుక్కి స్నానం చేయించి బట్టలు తొడిగే పని తల్లి మీద పడింది. ఆ అవస్థ నేరుగా నవలలోకి రాలేదు గానీ, పెద్దవాళ్ల సంరక్షణలో ఊపిరాడక కొట్టుకునే వయసును అంత బాగా రాయడం ఎలా అబ్బిందో అర్థమవుతుంది.

ఈ నవల నాయిక లూసీ మొదట పుట్టింది ఒక నోటుపుస్తకంలో, పాత్రల పేర్ల జాబితాగా. లూసీ, తోడుగా వచ్చిన అక్క వరస మిస్ బార్ట్‌లెట్, నవలలు రాసే మిస్ లావిష్, అలన్ అప్పచెల్లెళ్లు. అందులో ఒకచోట ‘హెచ్.ఓ.ఎం.’ అని మూడు అక్షరాలు. అవి కేంబ్రిడ్జి మిత్రుడు హ్యూ ఓవెన్ మెరెడిత్ పేరులోవి. మనుషులైతే దొరికారు, వాళ్లకు పని దొరకలేదు. ఈ తొలి ప్రయత్నాన్ని పరిశోధకులు ‘పాత లూసీ’ అంటారు. 1903 ప్రాంతంలో మళ్లీ ఎత్తుకున్నదాన్ని ‘కొత్త లూసీ’ అంటారు. ఆలివర్ స్టాలీబ్రాస్ సంపాదకత్వంలో 1977లో ఈ చిత్తుప్రతులు పుస్తకంగా వచ్చాయి. అవి తిరగేస్తే కథానాయకుడి పేరు కూడా ఒకచోట నిలవలేదని తెలుస్తుంది.

‘కొత్త లూసీ’లో ఒక ముగింపు ఉంది. తుపాను రాత్రి లూసీ కోసం సైకిల్ మీద వస్తున్న కథానాయకుడు జార్జ్ మీద చెట్టు కూలుతుంది. అతను చనిపోతాడు. ప్రేమకథ అయిపోతుంది.

ఇప్పుడు చదివితే ఇదేం ఘోరం అనిపిస్తుంది. కానీ ఆనాటి రచయిత చేతికి అందుబాటులో ఉన్న ముగింపు అదే. హెన్రీ జేమ్స్ 1878లో రాసిన ‘డైసీ మిల్లర్’లో అమెరికా అమ్మాయి యూరప్‌లో తనకు నచ్చినట్టు తిరుగుతుంది, రాత్రిపూట కొలోసియంలో ఒక ఇటలీ యువకుడితో కనిపిస్తుంది, జ్వరం తగిలి చనిపోతుంది. ఫోర్‌స్టర్ లూసీని పక్కన పెట్టి 1905లో ప్రచురించిన తొలి నవల ‘వేర్ ఏంజెల్స్ ఫియర్ టు ట్రెడ్’లోనూ అంతే. ఇటలీ వెళ్లిన లీలియా అనే వితంతువు అక్కడి కుర్రాడిని పెళ్లాడి, కాన్పులో పోతుంది. పరాయిగడ్డ మీద మనసు మాట విన్నవాళ్లకు పుస్తకాల్లో బతుకు లేదు. అందం, ఎండ, ప్రేమ అన్నీ ఉండొచ్చు, చివర్లో ఒక శవం లేవాలి. ఆ బాకీ కట్టకుండా కథను గట్టెక్కించడం ఎలాగో ఇరవై నాలుగేళ్ల ఫోర్‌స్టర్‌కు తెలియలేదు. చెట్టు కూల్చాడు. అది తనకే నచ్చలేదు. కట్ట పక్కన పడేశాడు.

పక్కన పడేసిన ఇటలీ సగం మాత్రం పూర్తయిన రచన లాంటిదే. నది కనిపించే గదులిస్తామని చెప్పి పెరటివైపు గదులిచ్చారని షార్లెట్ బార్ట్‌లెట్ భోజనాల బల్ల దగ్గర నొచ్చుకుంటుంది. ఎదురుగా కూర్చున్న ముసలి ఎమర్సన్, మా గదులు మీరు తీసుకోండి, మాకెందుకు అంటాడు. ఎంత మంచి మాట! షార్లెట్‌కు అది అవమానంలా తోస్తుంది. పరిచయం లేని మగవాళ్లకు, అదీ తమకంటే తక్కువ తరగతివాళ్లకు, రుణపడాలా? ఎమర్సన్ కూలివాడి కొడుకు, సోషలిస్టు. అతని కొడుకు జార్జ్ రైల్వేలో గుమాస్తా. గది మార్చుకోవడమనే చిన్న విషయం మీద ఇంగ్లండ్ కులవ్యవస్థనంతా నిలబెట్టాడు ఫోర్‌స్టర్. (వాళ్లు దాన్ని కులం అనరు. అంతే తేడా.)

తర్వాత సిన్యోరియా కూడలి. సాయంత్రం లూసీ ఒంటరిగా బయటికొచ్చి అలీనారి దుకాణంలో ఫొటోలు కొంటుంది, అందులో బొట్టిచెల్లి గీసిన వీనస్ ఒకటి. ఐదు లీరాల కోసం ఇద్దరు ఇటలీవాళ్లు గొడవపడతారు. ఒకడు కత్తిపోటు తిని, నోట్లోంచి నెత్తురు కారుతూ, ఆమెకేదో చెప్పబోతున్నట్టు ఆమెవైపే తూలి పడిపోతాడు. లూసీ స్పృహ తప్పుతుంది. లేచేసరికి జార్జ్ చేతుల్లో ఉంటుంది. ఆమె ఫొటోలమీద నెత్తురు పడిందని జార్జ్ వాటిని ఆర్నోలో పారేస్తాడు. ఇద్దరూ నది గట్టు మీది గోడకు ఆనుకుని నిలబడతారు. ప్రేమకథలో నాయికానాయకుల్ని దగ్గర చేయడానికి వెన్నెలను కాకుండా ఒక హత్యను వాడుకున్నాడు! బెడేకర్‌లో లేని ఇటలీ అంటే ఏమిటో లూసీకి తెలిసింది ఆ క్షణంలోనే. కొద్దిరోజులకు ఫియెజోలె కొండల మీద వనభోజనం, విరబూసిన వయొలెట్ పూల గట్టు, జార్జ్ ముద్దు, షార్లెట్ అక్కడే ప్రత్యక్షం కావడం, మర్నాడే రోమ్ రైలెక్కడం. ఇదంతా ఒక ఊపులో సాగుతుంది.

ఆ తర్వాత ఏమిటి?

జవాబు దొరకడానికి రచయిత బతుకు కొంత నడవాల్సి వచ్చింది. 1902 నుంచి లండన్‌లోని వర్కింగ్ మెన్స్ కాలేజీలో కార్మికులకు లాటిన్ చెప్పాడు. జార్జ్ లాంటి గుమాస్తాలను దగ్గరగా చూసింది అక్కడే కావచ్చు. 1904లో తల్లితో కలిసి సర్రీ జిల్లాలోని వేబ్రిడ్జ్‌లో కాపురం పెట్టాడు. తేనీటికి వచ్చేపోయే ఆడవాళ్లు, టెన్నిస్, ఆదివారం చర్చి, పక్కింట్లోకి ఎవరు అద్దెకు దిగుతున్నారన్న ఆరా. ఫ్లోరెన్స్‌లో కొన్ని వారాలే చూసిన ఇంగ్లిష్ గుంపును ఇప్పుడు రోజూ చూస్తున్నాడు. నవల రెండో సగంలో లూసీ ఇల్లు విండీ కార్నర్ ఉన్నది సర్రీలోనే.

1907లో ‘ది లాంగెస్ట్ జర్నీ’ వెలువడ్డాక లూసీ కట్ట మళ్లీ బయటికి తీశాడు. చెట్టు తీసేశాడు. దాని స్థానంలో అంతకంటే ప్రమాదకరమైన అడ్డంకిని పెట్టాడు: మంచి సంబంధం. సెసిల్ వైజ్ చదువుకున్నవాడు, డబ్బున్నవాడు, కళలు తెలిసినవాడు. రెండుసార్లు కాదన్నా మూడోసారి అడిగితే లూసీ సరేనంటుంది. దుర్మార్గుడైతే కథ తేలికయ్యేది. సెసిల్ దుర్మార్గుడు కాదు. ఆమెను మనిషిగా కాక గోడకు తగిలించుకునే చిత్రపటంగా చూస్తాడు, అంతే. పైగా ఎమర్సన్లను నేషనల్ గ్యాలరీలో చూసి, ఊళ్లో పెద్దమనిషిని ఏడిపించడానికి వాళ్లను ఆ ఊళ్లోనే ఒక ఇంట్లోకి అద్దెకు రప్పించేదీ అతనే. విధి అని మనం అనేదాన్ని ఫోర్‌స్టర్ ఒక తుంటరి పని చేతిలో పెట్టాడు.

ఇక నవలలో వరసగా నాలుగు అధ్యాయాల పేర్లు చూడండి. లూసీ జార్జ్‌తో అబద్ధమాడటం ఒకటి. సెసిల్‌తో అబద్ధమాడటం ఇంకొకటి. పాదిరీ బీబ్‌తో, తల్లితో, తమ్ముడు ఫ్రెడ్డీతో, పనివాళ్లతో అబద్ధమాడటం మూడోది. ముసలి ఎమర్సన్‌తో అబద్ధమాడటం నాలుగోది. ఫ్లోరెన్స్‌లో తెలిసిన నిజాన్ని సర్రీలో ఎన్ని రకాలుగా కప్పిపెట్టవచ్చో అన్ని రకాలుగానూ కప్పిపెడుతుంది. ఏడేళ్లు దొరకని రెండో సగం ఇదే. బయటి నుంచి చెట్టు కూలాల్సిన పనిలేదు, లూసీ చేతులారా తన ప్రేమను చంపుకోగలదు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చేది సెసిల్‌తో నిశ్చితార్థం రద్దు చేసుకునే ఘట్టం. నువ్వు ఎవరితోనూ మనసు విప్పి బతకలేవు, నన్ను నన్నుగా ఉండనివ్వవు అని లూసీ ఎంతో ధీమాగా చెబుతుంది. సెసిల్ నివ్వెరపోతాడు, ఈమెలో కొత్త గొంతు వినిపిస్తోందంటాడు. ఆ మాటలన్నీ కొద్దిసేపటి క్రితం జార్జ్ ఆమెతో అన్నవే! తనెవరో తెలుసుకున్న స్త్రీ ప్రసంగంలా వినిపించేది ప్రేమించినవాడి దగ్గర అరువు తెచ్చుకున్నది. ఆ తర్వాత జార్జ్‌ను కూడా వద్దనుకుని, అలన్ అప్పచెల్లెళ్లతో గ్రీస్ వెళ్లిపోతానని ఇంట్లో పట్టుబడుతుంది. మొదటి ప్రయాణంలో తెలిసినదాన్ని మరిచిపోవడానికి రెండో ప్రయాణం. దేశం దాటితే చాలు, మనసు విచ్చుకుంటుందని నమ్మే కథలన్నిటికీ ఇక్కడ ఒక చురక ఉంది.

ఆమెను ఆపేది ముసలి ఎమర్సన్, ఒక వాన సాయంత్రం, పాదిరీ ఇంట్లో. అతను అక్కడున్నాడని తెలిసి కూడా షార్లెట్ లూసీని లోపలికి వెళ్లనిచ్చిందా? చివరి అధ్యాయంలో కొత్త దంపతులు ఫ్లోరెన్స్‌లో ఇదే అనుమానపడతారు. జీవితమంతా కాపలా కాసిన ఆ ముసలిపిల్ల లోలోపల వీళ్లు కలవాలనే కోరుకుందేమో! ఫోర్‌స్టర్ తేల్చి చెప్పడు. ఒక్క వాక్యం ఎక్కువ రాసినా పాడయ్యేది.

1908 అక్టోబరు 14న ఎడ్వర్డ్ ఆర్నాల్డ్ సంస్థ నవలను ప్రచురించింది. అంకితం పేజీలో హెచ్.ఓ.ఎం. అన్న అక్షరాలున్నాయి. జాబితాలో పాత్రగా మొదలైన మిత్రుడు పుస్తకం గుమ్మం దగ్గర తేలాడు. యాభై ఏళ్ల తర్వాత, 1958లో, ఫోర్‌స్టర్ సరదాగా ఒక చిన్న వ్యాసం రాశాడు. ఇటలీ సగమే తన తొలి కల్పనల్లో ఒకటని, రెండు నవలలు రాసొచ్చి ఇంగ్లండ్ సగాన్ని తర్వాత చేర్చానని అందులో తనే చెప్పుకున్నాడు. ‘ది లాంగెస్ట్ జర్నీ’ అంటేనే తనకు ఎక్కువ ఇష్టమట, ఇది మాత్రం అన్నిటికంటే ముచ్చటైనదట. పాత్రల తర్వాతి బతుకు కూడా చెప్పాడు. మొదటి ప్రపంచయుద్ధంలో జార్జ్ తుపాకి పట్టనన్నాడు. రెండోదానిలో పట్టాడు, ఇటలీలో ఖైదీ అయ్యాడు. విడుదలయ్యాక ఫ్లోరెన్స్ వెళ్లి తమ గది కోసం వెతికితే దొరకలేదు, ఇళ్లు మారిపోయాయి. 1944 ఆగస్టులో వెనక్కి తగ్గుతున్న జర్మన్ సేన పోంటె వెక్కియో తప్ప నగరంలోని వంతెనలన్నీ పేల్చేసిన సంగతి తెలిసినవారికి ఇది కల్పనలా అనిపించదు. సెసిల్‌కు మాత్రం ఆ వ్యాసంలో మంచి మర్యాదే దక్కింది. మొదటి యుద్ధకాలంలో అలెగ్జాండ్రియాలో ఒక విందులో శత్రుదేశపు బీథోవెన్ సంగీతం వాయించవచ్చా అని ఇంటావిడ తటపటాయిస్తే, ఆయన బెల్జియంవాడేనని తెలిసినవాడొకడు తనతో అన్నాడని ఒకరు చెప్పి గండం గట్టెక్కించారు. ఆ తెలిసినవాడు సెసిలేనని ఫోర్‌స్టర్ సూచన.

1985లో ఇస్మాయిల్ మర్చంట్ నిర్మాతగా, జేమ్స్ ఐవరీ దర్శకుడిగా ఇది సినిమా అయింది. ఎనిమిది ఆస్కార్ నామినేషన్లు తెచ్చుకుని మూడు గెలిచింది. వాటిలో ఒకటి ఢిల్లీలో ఏళ్లపాటు కాపురమున్న రూత్ ప్రావర్ ఝాబ్‌వాలా స్క్రీన్‌ప్లేకు. సరిగ్గా పదేళ్లకు మన ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’ వచ్చింది. యూరప్ రైలు ప్రయాణం విశ్రాంతికి ముందు, పంజాబ్ ఇల్లు విశ్రాంతి తర్వాత. ఫోర్‌స్టర్‌ను చూసి తీశారని అనను. రెండు సగాలున్న ఈ కథకు బరువైనది రెండో సగమేనని ఆ సినిమా కూడా గ్రహించింది. విదేశాన్ని పాటలకు మాత్రమే వాడుకునే సినిమాలు గ్రహించనిది అదే.

ఇక రాసినవాడి సంగతి. ఫోర్‌స్టర్ మగవాళ్లను ప్రేమించే మనిషి. ఆనాటి ఇంగ్లండ్‌లో అది జైలుకు పంపే నేరం. లూసీ రెండో సగం ఇంకా తేలని 1906లో, వేబ్రిడ్జ్‌లో ఒక భారతీయ కుర్రాడికి లాటిన్ చెప్పే పని వచ్చింది. అతను సయ్యద్ రాస్ మసూద్, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు. ఫోర్‌స్టర్ అతన్ని ప్రేమించాడు. మసూద్ ఆ ప్రేమను ఆ రూపంలో తిరిగి ఇవ్వలేదు. స్నేహం మాత్రం 1937లో మసూద్ చనిపోయేదాకా నిలిచింది. తర్వాత మసూద్ నిజాం రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టరయ్యాడు, ఉస్మానియా విశ్వవిద్యాలయం రూపుదిద్దుకోవడంలో అతని చెయ్యి ఉంది. 1921లో ఫోర్‌స్టర్ హైదరాబాద్ వచ్చి అతనింట్లో అతిథిగా ఉన్నాడు. 1924లో వచ్చిన ‘ఎ పాసేజ్ టు ఇండియా’ అతనికే అంకితం.

లూసీ అబద్ధాలను అంత సూక్ష్మంగా రాసిన చెయ్యి, ఇంట్లో తల్లికి చెప్పలేని నిజాన్ని దాచుకుని రోజూ తేనీటి బల్ల దగ్గర కూర్చున్నవాడిది. జార్జ్‌ను బతికించడం నేర్చుకున్నాక, 1913, 14లో అదే పనిని తనలాంటివాళ్ల కోసం చేశాడు. ‘మారిస్’ నవలలో ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకుంటారు, చివరికి కలిసి బతుకుతారు. సుఖాంతం తప్ప మరో ముగింపు పెట్టకూడదని ముందే నిశ్చయించుకున్నాడు. రాసి, నమ్మకమైన మిత్రులకు చూపించి, సొరుగులో పెట్టాడు. ఇంగ్లండ్‌లో చట్టం మారింది 1967లో. ఫోర్‌స్టర్ 1970 జూన్‌లో చనిపోయాడు. ‘మారిస్’ ఆ మరుసటి ఏడాది అచ్చయింది.